నీళ్లకు విడిచిన సందు

ఆదిలాబాద్ బస్టాండులో ఉండగా మా అమ్మ ఫోన్ చేసింది. "పక్కింటి పెద్దమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి, గట్లనే గోడకు ఒరిగింది," అంది. ఇంటికి వస్తుంటే బస్సు కిటికీ అవతల పత్తిచేల మీద మబ్బు నీడలు కదులుతున్నాయి. నాకు మాత్రం దారి పొడుగునా తడిమట్టి వాసన వస్తూనే ఉంది. అది ఆమె వాకిలి వాసన.

కరీంనగర్ శివారులో ఉన్న మా కాలనీ ఒకప్పుడు కుంట. దాన్ని పూడ్చి ప్లాట్లు చేశారు. అందరమూ జానెడు వదలకుండా ప్రహరీలు కట్టుకున్నాం. పెద్దమ్మ ఒక్కతే తన స్థలంలో ఓ పక్కన ఎడ్లబండి పట్టేంత సందు విడిచి, ముందూ వెనకా గోడ లేకుండా ఉంచింది. సిమెంటు కూడా వేయనివ్వలేదు.

"గింత జాగ ఎవలికి ఇడిచినవక్కా? చుట్టాలు వస్తరా?" అని మా అమ్మ వేళాకోళమాడేది.

"అవు, వస్తది. నీళ్లంటే ఆడబిడ్డ లెక్క. తల్లిగారింటి తొవ్వ మరుస్తదా?" అనేది పెద్దమ్మ.

మాటతో ఊరుకునే మనిషి కాదు. ఏటా ఆ సందులో మొదటి నీరు పారగానే ఉతికిన చీర కట్టుకుని వచ్చేది. పెళ్లయిన కూతురికి పోసినట్టే, పసుపు కలిపిన ఒడిబియ్యం దోసిళ్లతో ఆ నీళ్లలో పోసేది. పచ్చటి గింజలు సుడి తిరుగుతూ పోతుంటే నిజంగానే ఎవరో వచ్చి వెళ్తున్నట్టుండేది. అది కళ్లతో చూశానో, కలగన్నానో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎండాకాలం మేడలన్నీ పెనాల్లా కాగుతుంటే చల్లగాలి ఆ మట్టి సందులోనే దొరికేది. నులకమంచం వాల్చుకుని, పోయేవాళ్లను పిలిచేది. "జర కూసో బిడ్డా. ఏం ఫికర్ పడుతున్నవ్? నీ ఆఫీసు యాడికి పోదు."

అందరికీ నచ్చిందనుకోకండి. ఎదురింటాయన మా కాలనీ పెద్దమనిషి. ఆయనకు ఆ సందంటే ఒళ్లుమంట. "పాములొస్తున్నయ్, గోడ పెట్టు చిన్నమ్మా," అని ఏటా పోరు.

"పాములొస్తే నువ్వు తలుపేసుకో కొడుకా. నీళ్లకు అడ్డం గోడ పెడితె మాత్రం అవి తలుపు కొట్టి రావు," అనేది.

వానలు కూడా మునుపటిలా లేవు. వారం పది రోజులు ముసురు పట్టే కాలం పోయి, ఒక్క పూటలోనే కుమ్మరించి పోతున్నాయి. అలాంటి ఓ వానకు పక్క వీధి ఇళ్లలో మంచాలు తేలాయి. మా వీధిలో మోకాళ్ల దాకా వచ్చిన నీళ్లు ఆ సందు పట్టుకుని వెనకున్న వాగులోకి దిగిపోయాయి. మేమూ, ఎదురింటాయనా దండం పెట్టబోతే పెద్దమ్మ నవ్వింది. "నేనేం చేసిన? అడ్డం నిలవడలే, గంతే."

దినాలు అయ్యాక కూతురు ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఆమె బతుకు నిర్మల్‌లో, తప్పుపట్టడానికేమీ లేదు. కొనడానికి వచ్చినాయన సందు చూసి మురిసిపోయాడు. "గీడ గోడ లేపితే రెండు దుకాణాలు పడ్తయ్," అన్నాడు. పెద్దమ్మ అప్పుడే నిజంగా పోయినట్టనిపించి నాకు ఏడుపు ఆగలేదు. ఆ సందు మూస్తే ఇక మా ఇళ్లూ మునుగుతాయి.

ఏటా గోడ పెట్టమని పోరిన ఎదురింటాయనే ముందుకొచ్చాడు. "ఇల్లు కొనుక్కోండ్రి, మేం వద్దనం. గా సందు మాత్రం ముయ్యొద్దు."

కూతురు సందు దాకా నడిచి వెళ్లి చూసి వచ్చింది. "అట్లయితెనే అమ్ముత," అంది. వచ్చినాయన వెళ్లిపోయాడు.

ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. నిన్న మధ్యాహ్నం వాన దంచింది. ఎదురింటాయన తడుస్తూ, గొంతుక్కూర్చుని, తన ప్రహరీ అడుగున గడ్డపారతో పొడుస్తున్నాడు. ఒక ఇటుక ఊడింది. గోడ వెనక ఆగిన నీళ్లు ఆ కంతలోంచి వీధిలోకి తొంగిచూశాయి. ఆయన గడ్డపార పక్కన పెట్టి, లేచి, మెల్లగా తప్పుకుని నిలబడ్డాడు.