దాసప్ప చెప్పిన మేకు

పొద్దున మోటారు వేశాక దాసప్ప మొదట చేసే పని ఒక అట్టముక్కను పైపు పొడవునా ఆడించి చూడటం. పైపుకు సన్నటి బెజ్జం పడి ఉంటే అట్ట తడుస్తుంది. ధార బలంగా ఉంటే చిరుగుతుంది కూడా. చేత్తో తడిమి చూడడు, ఇంకొకర్ని చూడనివ్వడు.

పుంగనూరులో పలమనేరు రోడ్డు మీద ఈశ్వరప్ప వాటర్ సర్వీస్ స్టేషన్‌లో అతను పెద్ద పనివాడు. మొదట్లో లారీలు, ట్రాక్టర్లు మాత్రమే కడిగేవారు. 2001లో ఈశ్వరప్ప బెంగళూరు నుంచి ఎక్కువ ప్రెషర్ మిషన్ తెచ్చాడు. అప్పటి నుంచి కల్యాణ మండపాల గోడలు, రైసు మిల్లుల ముందు భాగాలు, మేడల పిట్టగోడలు కూడా కడుగుతున్నారు. పాత పంపు నీళ్లు కొట్టేది, కొత్తది కోసేది. గోడ మీద నీళ్లు చిమ్మే గన్ను ఒకచోటే ఆపితే పాచితో పాటు గార కూడా ఊడి వచ్చేది.

దాసప్ప సొంత ఊరు బైరెడ్డిపల్లె పక్కన ఒక చిన్న పల్లె. ఇంటిల్లిపాదీ కూలికి పోయేవాళ్లు. 1993లో వానలు లేక కూలి కూడా దొరక్క మదనపల్లె చేరాడు. అక్కడ ఒక సర్వీస్ స్టేషన్‌లో గోవిందరాజులు అనే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. గోవిందరాజులుకు కుడికంటిలో తెల్లటి పువ్వు ఉండేది. లారీ చక్రం సందులోంచి గన్ను దెబ్బకు ఎగిరిన గులకరాయి చేసిన పని అది. అందుకే తన దగ్గర చేరినవాళ్లకు ముందు మోటారుసైకిల్ కళ్లద్దాలు పెట్టేవాడు, తర్వాతే గన్ను ఇచ్చేవాడు. "నీళ్లే కదా అనుకునేవోడికే తగుల్తాదిరా" అనేవాడు.

దాసప్ప ఆ మాటలన్నీ పుంగనూరుకు మోసుకొచ్చాడు. గోడ కడగాలంటే పరంజా కట్టాల్సిందే. గన్ను నొక్కగానే వెనక్కి తంతుంది కాబట్టి నిచ్చెన మీద నిలబడి పట్టుకుంటే మనిషి కింద ఉంటాడు. పక్కన కరెంటు తీగలుంటే లైన్‌మన్‌ను పిలిపించి ఆపించేవాడు. గన్ను మూతి మార్చాలంటే ముందు మోటారు ఆపాలి, ఆ తర్వాత గన్ను నొక్కి లోపల మిగిలిన ప్రెషర్ వదలాలి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు లేకుండా లారీలు నిలిపే ర్యాంపు ఎక్కకూడదు.

కొత్తగా చేరినవాడికి ఒక పచ్చి బొప్పాయి చూపించేవాడు. దాని మీద గన్ను ఒక్క రెప్పపాటు ఆడించి చేతికిచ్చేవాడు. పైన తొక్కకు సూదిమొనంత బెజ్జం. కోసి చూస్తే లోపల బెత్తెడు మేర గుజ్జుగుజ్జు.

"ఇది నీ చెయ్యి. డాక్టరు పైన సూస్తాడు, ఏముందిలే అంటాడు. లోపల ఇట్లుంటాది" అనేవాడు.

ఇంత చెప్పినా పోని ఒక అలవాటు సర్వీస్ స్టేషన్లలో ఉంది. సాయంత్రం పని దిగేటప్పుడు బూట్లు విప్పి, కాళ్లకంటిన బురద, గ్రీజు గన్నుతోనే కడుక్కుంటారు. తొట్టి దాకా పోయి చెంబుతో పోసుకోవడానికి బద్ధకం. దూరం నుంచి పట్టుకుంటే ఏం కాదని ధీమా. దాసప్ప కింద పనిచేసే భీమరావు అదే చేసేవాడు. ఇద్దరిదీ ఒకే కాలనీ, వరుసకు అన్నదమ్ములు. 2002లో దాసప్ప మూడోసారి చూసి గన్ను లాక్కున్నాడు.

"నీకు తలకాయ ఉండాదా, దాంట్లో పాచి ఉండాదా? బొప్పాయి సూపించినా గదరా!"

"అది బొప్పాయి అన్నా, ఇది నా కాలు. నా కాలు నీకంటే నాకు బాగా తెలుసు" అన్నాడు భీమరావు. చుట్టూ ఉన్న లారీ డ్రైవర్లు నవ్వారు.

దాసప్ప నేరుగా ఈశ్వరప్ప గదిలోకి పోయి, వాడుంటే తాను ఉండనన్నాడు. ఆ సాయంత్రమే భీమరావు పని పోయింది. తర్వాత అతను ఆటో నడుపుకున్నాడు. కాలనీలో ఎదురుపడితే పలకరింపు ఉండేది, అంతకు మించి ఉండేది కాదు.

2004 దసరాకు స్టేషన్‌లో ఆయుధపూజ చేశారు. మిషనుకు విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు, గన్నుకు బంతిపూల దండ. పూజ చేసిన పనిముట్టును మర్నాటి దాకా కదిలించరు. దాని ముందు చెప్పులు కూడా వేసుకోరు. దాసప్ప బూట్లు విప్పి గోడవారన పెట్టాడు. కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయను ర్యాంపు మీద పగలగొట్టి, అందరూ బొరుగులు, శనగ గుగ్గిళ్ల కోసం లోపలి గదిలోకి పోయారు.

ఒక ట్రాక్టరు డ్రైవరు ఆ గుజ్జు మీద జారి, చక్రం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. దాసప్ప చూశాడు. ఎవరికో ఒకరికి నడుం విరుగుతుందనుకున్నాడు. చీపురు పక్కనే ఉంది. అతను మాత్రం పదేళ్లుగా నేల శుభ్రం చేయడమంటే గన్ను పట్టుకోవడమే అనుకున్న మనిషి. దండ తీసి పక్కన పెట్టి మోటారు వేశాడు.

లోపలి నుంచి ఈశ్వరప్ప కేకేశాడు. "ఎవుర్రా అది, పూజ సేసిన మిషను వేసింది?"

"నేనేనప్పా. గుమ్మడికాయ జారతాండాది, కడిగేస్తాండా."

"నువ్వా? సరే, బిరీన ఆపేయ్."

ఇంకెవరైనా అయితే ఈశ్వరప్ప బయటికొచ్చేవాడు. దాసప్ప కాబట్టి రాలేదు.

ర్యాంపు శుభ్రమైంది. దాసప్ప కాళ్లు మాత్రం చీలమండల దాకా ఎర్రగా ఉన్నాయి, వేళ్ల సందుల్లో గుమ్మడి గింజలు. గదిలో ఆడవాళ్లున్నారు, ఇట్లా పోతే బాగుండదనుకున్నాడు. గన్ను ఎడమ పాదం వైపు తిప్పాడు. చీమ కుట్టినట్టయింది. పాదం పైన, వేళ్ల మొదట్లో ఒక చుక్క. దాంట్లోంచి ఒక్క బొట్టు రక్తం.

మోటారు ఆపి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. దండ గన్నుకు తిరిగి వేశాడు. బూట్లు తొడుక్కుని గది దాకా పోయి, గడప దగ్గర విప్పి, లోపలికి పోయి బొరుగులు తిన్నాడు.

ఇదేమిటో దాసప్పకు తెలుసు. పుంగనూరులో అతనికి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. ఆ క్షణాన ఆసుపత్రికి పోవాలనీ తెలుసు. పోతే ఏమైందని అడుగుతారు. చెప్పాలి. ఆ మాట సందు చివరికి చేరేలోపు భీమరావు చెవిన పడుతుంది.

సాయంత్రానికి పాదం బరువెక్కింది. భార్య పూలమ్మ అడిగింది.

"ఏమైంది కాలికి, ఎత్తెత్తి వేస్తాండావు?"

"మేకున్న చెక్క కాలి మీద పడింది."

"బూట్లు యాడ పోయినాయి?"

"పూజ గదా, ఇప్పినా."

ఆ మాట నిజమే కాబట్టి తేలిగ్గా వచ్చింది. వీధి చివర డాక్టరుకూ అదే చెప్పాడు. ఆయన మేకుకు వేయాల్సిన ఇంజెక్షన్ వేశాడు, మాత్రలిచ్చాడు. చెప్పినదానికి సరైన మందే అది.

మర్నాటికి బూటులో కాలు పట్టలేదు. మూడో రోజు పొద్దునకు చీలమండ కనిపించలేదు. చర్మం సాగి నిగనిగలాడుతోంది. చుక్క చుట్టూ నల్లగా కమిలింది. రెండు వేళ్లు తాకితే తెలియడం లేదు. డాక్టరు చూసి, ఇది తన చేతిలో లేదు, వెంటనే మదనపల్లె తీసుకుపొమ్మన్నాడు. గంట ప్రయాణం.

"మదనపల్లె వద్దు" అన్నాడు దాసప్ప.

"యాల వద్దు?" అంది పూలమ్మ.

"కుప్పంలో పెద్దాసుపత్రి పెట్టినారంట. పక్కనే గుడుపల్లెలో మీ చెల్లెలు ఉండాది, అన్నమన్నా తెచ్చిస్తాది."

మదనపల్లెలో గోవిందరాజులు ఉన్నాడు. దాసప్ప ఆసుపత్రిలో ఉన్నాడంటే ఆ పూటే వస్తాడు. ఉన్న ఒక్క కన్నుతో ఒక్కసారి చూస్తే చాలు, ఆయనకు ఏ చెక్కా మేకూ చెప్పలేడు. పూలమ్మకు ఇదేమీ తెలియదు. ఆటో కోసం కాలనీలో పరుగెత్తింది. ఇంటి దగ్గర ఉన్నది భీమరావు ఆటో ఒక్కటే.

"దగ్గర ఊరు వదిలేసి అంత దూరమా? కుప్పంలో ఏమన్నా పెళ్లుండాదా వదినా?" అన్నాడు భీమరావు.

"కాలుతో పాటు బుద్ధి గూడా వాచినట్టుండాది నాయనా. ఎక్కించు" అంది పూలమ్మ.

ఇద్దరూ చెరో చెయ్యి పట్టి ఎక్కించారు. పలమనేరు దాకా దాసప్ప కళ్లు మూసుకునే ఉన్నాడు. భీమరావు అద్దంలోంచి ఆ పాదాన్ని చూస్తూ నడిపాడు.

"ఆ చెక్క యాడుండాదన్నా? మేకు పీకేస్తా. ఇంకొకరి మీద పడకూడదు గదా."

"పొయ్యిలో పెట్టేసినారు."

"మేకు గూడా కాలిపోయిందా?"

దాసప్ప మళ్లీ కళ్లు మూసుకున్నాడు. బైరెడ్డిపల్లె దాటేటప్పుడు జ్వరంతో వణికాడు. భీమరావు తన కాకీ చొక్కా విప్పి వెనక్కిచ్చి, బనీనుతో నడిపాడు. మళ్లీ ఏమీ అడగలేదు.

కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ పాదం నొక్కి చూసింది. పైన దెబ్బ ఇంత, లోపల వాపు అంత ఎందుకుందో ఆమెకు పొంతన కుదరలేదు.

"మేకే కదా? మేకైతే మందులు ఎక్కించి రేపటి దాకా చూద్దాం. ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

పూలమ్మ, "మేకేనమ్మా" అంది. భీమరావు తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. దాసప్ప అతని వైపు చూశాడు.

"భీమా, టీ తెచ్చిపెట్టప్పా."

భీమరావు కాసేపు చూసి బయటికి పోయాడు. అడుగుల చప్పుడు వరండా చివరికి పోయేదాకా దాసప్ప ఆగాడు. తర్వాత గోడవైపు తిరిగి చెప్పాడు.

"మేకు గాదమ్మా. నీళ్లు."

"నీళ్లేమిటి?"

"లారీలు కడిగే ప్రెషర్ గన్ను. నేనే కొట్టుకున్నా. కాలు కడుక్కోబోయి."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. ఎప్పుడని అడిగింది, నీళ్లలో ఏమేం కలుపుతారని అడిగింది. సోడా, కొంచెం డీజిలు అన్నాడు. ఆమె నర్సును పిలిచి ఆపరేషన్ గది సిద్ధం చేయమంది.

"నీళ్లా?" అంది పూలమ్మ. "నీళ్లకేనా ఇంత దాపరికం? నేనింకా ఏందో అనుకుంటి గదయ్యా!"

భీమరావు మూడు టీలు పట్టుకుని వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

పాదం తెరిచి లోపల పేరుకున్న మురికి కడిగారు. రెండు వేళ్లు తీసేశారు. మొదటి రోజే వచ్చి ఉన్న సంగతి చెప్పి ఉంటే ఆ వేళ్లు కూడా దక్కేవేమోనని డాక్టరమ్మ అంది. కసిరినట్టు అనలేదు. కసిరి ఉంటే నయంగా ఉండేదని దాసప్ప తర్వాత పూలమ్మతో అన్నాడు.

సంక్రాంతి దాటాక పనిలోకి వచ్చాడు. ఈశ్వరప్పకు తెలిసింది చెక్క, మేకు. డ్రైవర్లకూ అంతే. పెద్ద పనివాడికి కూడా ఇట్లా జరిగిందే పాపం అన్నారు. దాసప్ప తల ఊపేవాడు. అట్టముక్క ఆడించడం మానలేదు, పరంజా లేకుండా గోడ కడగనివ్వలేదు. బొప్పాయి చూపించడం మాత్రం మానేశాడు.

2006 ఎండాకాలంలో హరీష్ అనే అతను చేరాడు. పాతికేళ్లవాడు, అంతకుముందు లారీ క్లీనరు. ఒక సాయంత్రం బూట్లు విప్పి, కూనిరాగాలు తీస్తూ గన్నుతో కాళ్లు కడుక్కుంటున్నాడు. దాసప్ప చూశాడు. ఏ మాట అనబోయినా అది తనకే తగిలేటట్టుంది. పోయి మోటారు ఆపేశాడు.

"కరెంటు పోయిందా అన్నా?" అన్నాడు హరీష్.

"ఊఁ" అని దాసప్ప బయటికి నడిచాడు. బస్టాండు దగ్గర ఆటోలో పడుకుని ఉన్న భీమరావును లేపాడు.

"భీమా, ఆ పొద్దు చెక్కా లేదు, మేకూ లేదు."

"తెలుసు."

"యాడ తెలిసింది?"

"నీ కాలు సూసినా గదన్నా. బొప్పాయి నాకు సూపించిందెవురు?" భీమరావు లేచి కూర్చున్నాడు. "కుప్పం దాకా ఎందుకు పోయినావో అదే తెలీలేదు. టీకి పంపించినావు సూడు, అప్పుడు తెలిసింది."

"మరి ఇంతకాలం ఎవురికీ సెప్పలేదా?"

"ఏమని సెప్పేది? మా అన్నకు తలకాయలో పాచి ఉండాదనా?"

దాసప్పకు నవ్వు రాలేదు. ఈశ్వరప్పతో మాట్లాడతాను, మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. భీమరావు అక్కర్లేదన్నాడు. ఆటోలో ఎవరూ తన మీద కేకలేయరన్నాడు. దాసప్ప వెనక్కి వచ్చాడు.

మర్నాడు పొద్దున పని మొదలయ్యే ముందు హరీష్‌ను, మిగతా పనివాళ్లను ర్యాంపు దగ్గరికి పిలిచాడు. ఇద్దరు డ్రైవర్లు కూడా వచ్చి నిలబడ్డారు. దాసప్ప ఎడమ బూటు విప్పి, పాదం అందరికీ కనిపించేలా గట్టు మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. భీమరావు పని ఎందుకు పోయిందో కూడా చెప్పాడు. ఒక డ్రైవరు కిసుక్కున నవ్వి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆపాడు.

ఈశ్వరప్ప గది గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"చెక్క అన్నావే నాతో?"

"చెక్క లేదప్పా."

ఈశ్వరప్ప లోపలికి పోయాడు. హరీష్ పాదం వైపు చూడలేక నేల చూస్తున్నాడు. ముందు రోజు కరెంటు పోలేదని అతనికి అప్పుడు అర్థమైంది.

ఆ రోజు స్టేషన్‌కు ఏడు లారీలొచ్చాయి. దాసప్ప మూడు కడిగాడు, హరీష్ నాలుగు.