అత్త సూది పరీక్ష

మా మేనత్త పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ మాట ఇంట్లో అందరూ తిట్టుగా అంటారు. నాకు మాత్రం ఆవిడలో అన్నిటికంటే నచ్చే గుణం అదే.

పగలు బట్టలు కుట్టి, సాయంత్రం అదే బల్ల మీద గుడ్డముక్కలు పక్కకు నెట్టి, సరదాకి రేడియోలు కట్టేది. విడిభాగాలు కొనుక్కొచ్చి, సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో తీగా తనే అతికేది. ఇంతలో కంటి నరం దెబ్బతింది. అద్దాలతో లాభం లేదనీ, ఉన్న చూపూ మెల్లగా పోతుందనీ డాక్టరు చెప్పాడు. అత్త కుట్టుపని మానేసింది. సగంలో ఉన్న రేడియోని మాత్రం వదల్లేదు. చూపు పోయేలోపు దాన్ని పలికించాలి, అదీ తన చేతులతోనే.

"టీవీలో మొహాలు ఆనవాలు పడుతున్నానుగా? నా చేతులు కూడా టీవీలో చూపించండి" అంది.

అలా మొదలైంది, కంప్యూటర్ ద్వారా టీవీకి తగిలించే యూఎస్‌బీ కెమెరా వేట. మా ఇంట్లో సలహాలకు కరువు లేదు. చూపు తక్కువ కాబట్టి పిక్సెళ్ళు ఎక్కువ ఉండాలని ఇంటిల్లిపాదీ తేల్చేసి, అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నదాన్ని తెప్పించాం. బొమ్మ అద్దంలా ఉంది. కానీ చేయి కదిలిన కాసేపటికి గానీ తెర మీద కదిలేది కాదు. తెర మీద ఐరన్ ఇంకా దూరంగా ఉండగానే, బల్ల మీద అది అత్త వేలిని కాల్చేసింది.

మా నాన్న ఐరన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఇక చాలక్కా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

"ఆకులెందుకురా, ఇంకో కెమెరా పట్టుకుంటాను."

"నువ్వు కాల్చుకుంటుంటే నేను చూడలేను."

"అయితే చూడకు."

నాకు నాన్న మీద ఒళ్ళు మండింది. భయం ఆయనది, శిక్ష ఆవిడకా? మర్నాడే అత్తను విడిభాగాలమ్మే కొట్టుకు తీసుకెళ్ళాను.

కొట్టు కంప్యూటర్‌కి ఒక్కో కెమెరా తగిలించమని, అత్త మెడ దగ్గర బట్టకు గుచ్చుకున్న సూది తీసింది. కుట్టడం మానినా ఆ అలవాటు పోలేదు. సూది కెమెరా కింద పట్టుకుని, కళ్ళు తెరకు ఆనించేంత దగ్గరగా వంగి, దారం ఎక్కించబోయింది.

"అమ్మా, ఇది కెమెరా, కుట్టుమిషన్ కాదు" అని నవ్వాడు కొట్టాయన.

"మిషనైతే నీ దగ్గరికెందుకొస్తాను బాబూ? ఇంకోటి తియ్యి."

ఒకదానిలో బొమ్మ వెనకబడింది. ఇంకోటి తనంతట తానే ఫోకస్ మార్చుకునే రకం. చేయి అడ్డొస్తే చాలు, సూదిని వదిలేసి గోరును చూపించింది. "దీనికి నిలకడ లేదు" అని తోసేసింది అత్త. కొట్టాయన విసుక్కుంటూ సొరుగు అడుగు నుంచి పైతొడుగు కూడా లేని చిన్న కెమెరా బోర్డు తీశాడు. పిక్సెళ్ళు తక్కువ, ధరా తక్కువే. లెన్సును చేత్తో తిప్పి ఫోకస్ కుదుర్చుకోవాలి. కుదిరాక మాత్రం అది కదల్లేదు. బొమ్మ చేతి వెంటే వచ్చింది. దారం సూదిలోకి దూరింది.

ఇంటికొచ్చి దాన్ని టేబుల్ ల్యాంపు మెడకు కట్టాం. అత్త నాన్న ముందు చేయి చాపింది. "తాళం."

నాన్న నసుగుతూనే ఇచ్చాడు. ఇచ్చి, పక్కనే నిలబడ్డాడు. అత్త టీవీ చూస్తూ మిగిలిన తీగలన్నీ అతికింది. రేడియో కాసేపు గురగురలాడి, ఎవరిదో పాట అందుకుంది.

"సరే, నెగ్గావక్కా. మరి రేపు ఆ తెర కూడా కనపడకపోతే?"

అత్త ఐరన్ స్టాండులో పెట్టి, రేడియో గొంతు పెంచింది.

"అప్పుడు ఇది వింటాను. కొన్నది కాదురా, నేను కట్టింది."