నీటి కింది పాత రోడ్డు

నా చిన్నప్పుడు మేము జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉండేవాళ్లం. బ్లూ కార్డు అనే ఉద్యోగపు వీసా మీద నాన్న ముందు వచ్చాడు, ఏడాది తిరిగాక అమ్మా నేనూ వచ్చాం. అప్పట్లో మన ఊళ్ల నుంచి మాస్టర్స్ చదవడానికి పిల్లలు గుంపులు గుంపులుగా దిగేవారు. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, కరీంనగర్ నుంచి అలాగే వచ్చింది. చదువైపోయి ఉద్యోగం కోసం వెతుక్కుంటూ ఆ ఏడాది మా ఇంట్లో, నా గదిలోనే ఉండేది.

జర్మన్ నేర్చుకోవడానికి అందరూ తరగతులకు వెళ్తే, చిన్నమ్మ చేపలు పట్టే లైసెన్సు పరీక్షకు చదివింది. ఆ దేశంలో పరీక్ష పాసవనిదే గాలం వేయనివ్వరు. మొదట పంతానికి మొదలుపెట్టినా తర్వాత అదే ఆమెకు ఊపిరి తీసుకునే చోటయింది. ఉద్యోగాలకు పెట్టిన అర్జీలు ఒకటొకటిగా తిరిగొస్తుంటే, శనివారాలు కర్రా సంచీ భుజాన వేసుకుని రైలెక్కేది. నాన్నకు అది నచ్చేది కాదు. నీళ్లల్ల దారం ఏసి కూసుంటే ఉద్యోగం వస్తదా అని అమ్మతో అనేవాడు, చిన్నమ్మకు వినబడేటట్టే.

నాన్నకు నచ్చనిది ఇంకొకటి ఉండేది. బడిలో పిల్లలందరిలాగా నేను దేనికైనా భుజాలెగరేసి ‘వైస్ నిష్ట్’ అనేదాన్ని. తెలియదు అని. ఆ మాట వినగానే నాన్న ముఖం మారిపోయేది. పరాయి దేశంలో తెలియదన్నవాడు లోకువైపోతాడని ఆయన నమ్మకం. ఆఫీసులో ఆయన ఎన్నడూ ఆ మాట అనలేదట. ఏదో ఒకటి చెప్పి, రాత్రంతా కూర్చుని దాన్ని నిజం చేసుకునేవాడట. అందుకే ఆయన అడిగితే నేనూ ఏదో ఒక జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాను.

నాకు తొమ్మిదో ఏట, చలి ముదురుతున్న ఒక శనివారం, చిన్నమ్మ నన్నూ వెంట తీసుకెళ్తానంది. అమ్మకు ఆ రోజు పని ఉంది. పిల్లను పడవ ఎక్కించి ఒక్కదానివే ఎట్ల తీసుకపోతవని నాన్న తానే కారు తీశాడు. ఆయనకు ఈత రాదు.

మేము వెళ్లింది న్యూరెంబర్గ్‌కు దక్షిణాన ఉన్న ఒక పెద్ద జలాశయానికి. ఒకప్పుడు అది లోయ. ఆనకట్ట కట్టి నీళ్లు నింపినప్పుడు లోయలోని పాత రోడ్డు కూడా మునిగిపోయింది. పడవలు కట్టేసే చోట ఆ తారు రోడ్డు తిన్నగా నీళ్లలోకి దిగిపోవడం కనిపించేది. అద్దె పడవలో ఎక్కేముందు చిన్నమ్మ ముగ్గురికీ తేలుడు జాకెట్లు వేయించింది. ఫోను మాత్రం కారులోనే వదిలేసింది. ఒక ఇంటర్వ్యూ ఫలితం రావాల్సి ఉంది, ఈ ఒక్కపూట దాన్ని చూడనంది. నీటి మీద పలచగా పొగమంచు ఉంది. ఎండెక్కితే విడిపోతుందనుకున్నాం.

చిన్నమ్మ పట్టేది బార్ష్ చేపల్ని. ఒంటి మీద నల్లటి చారలు, ఎర్రటి రెక్కలు, వీపు మీద ముళ్లు. మొదట ఒడ్డు దగ్గర రెల్లు పక్కన, గిర్రున తిరిగే చిన్న రేకు ఎరను వేసి చకచకా లాగింది. ఏమీ పడలేదు. వేసవిలో పిల్లచేపల్ని తరుముతూ పైకే ఉంటాయనీ, చలి మొదలైతే కిందికి దిగుతాయనీ చెప్పింది. ఇంకొంచెం లోపలికి వెళ్లాక రేకు తీసి, తేలికపాటి సీసం తల ఉన్న రబ్బరు చేపను కట్టింది. అది మెల్లగా, నీటి అడుగు వాలుకు ఒరుసుకుంటూ దిగింది. అక్కడా లేవు. అప్పుడు పాత రోడ్డు మునిగి ఉన్న చోటికి పడవ నడిపి లంగరు వేసి, బరువైన సీసం కట్టింది. కర్ర నా చేతికిచ్చింది.

“దారం వదులయ్యేదాంక మనసులో లెక్కపెట్టు. ఎంతసేపు దిగితే అంత లోతు. అడుగు తగిలినంక జర లేపి మళ్ల దించు. మెత్తగ దిగబడితే బురద. టిక్కుమంటే రాయి, అంటే రోడ్డు. చేపలు రోడ్డంచునే ఉంటయి.”

ఇంకా లోతుకు వెళ్దామన్నాను. వెళ్లనంది. మరీ లోతు నుంచి పైకి లాగితే చేప కడుపులోని గాలితిత్తి ఉబ్బిపోతుందట. పిల్లచేపైతే వదిలేసినా తిరిగి కిందికి దిగలేక చచ్చిపోతుందట.

కాసేపటికి కర్ర కొన వంగింది. చిన్నమ్మ నా చేతుల మీద చేతులు వేసి నెమ్మదిగా లాగించింది. చారల చేప పైకి రాగానే, ఎప్పుడూ నవ్వని నాన్న నవ్వుతూ చూద్దామని లేచాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. చల్లటి నీళ్లు ఒక్కసారిగా లోపలికి వచ్చి నా బూట్లు, నడుం దాకా బట్టలు తడిపేశాయి. నాన్న ఒళ్లోని ఫోను ఆ నీళ్లలో పడి ఆరిపోయింది. ఒక తెడ్డు జారిపోయి దూరంగా తేలుతూ వెళ్లింది. చేప ఎప్పుడు తప్పించుకుపోయిందో ఎవరమూ చూడలేదు.

తెడ్డు కోసం లంగరెత్తాం. ఉన్న ఒక్క తెడ్డుతో దాని వెంట పోతుండగానే మంచు విడిపోవడానికి బదులు చిక్కబడింది. ముందు తెడ్డు కనబడలేదు. తర్వాత ఒడ్డు. ఆ తర్వాత, పడవ అంచుకు బారెడు దూరంలో నీళ్లు కూడా కనబడలేదు. కేకలు వేశాం. ఎక్కడో కుక్క మొరిగింది, కానీ ఆ చప్పుడు అన్ని వైపుల నుంచీ వచ్చినట్టే ఉంది. నా పళ్లు టకటక కొట్టుకోవడం మొదలైంది.

“ఒడ్డు అటే ఉంది, నాకు తెలుసు,” అన్నాడు నాన్న. తెడ్డు తీసుకుని బలంగా వేశాడు. ఒంటి తెడ్డుకు పడవ గుండ్రంగా తిరిగింది. “లేదు, ఇటు,” అని ఇంకో పక్కకు వేశాడు. ఆయన గొంతు మారడం నేను విన్నాను. నాన్నకు భయం వేస్తుందని నాకు తెలిసింది అప్పుడే. చలికన్నా అది నన్ను ఎక్కువ వణికించింది.

“బావా, మీరు జర ఆగుండ్రి. పిల్ల తడిసింది. తప్పుదిక్కు పోతే నడిమిట్లకు పోతం,” అంది చిన్నమ్మ. పెట్టెలోంచి అన్నిటికన్నా బరువైన సీసం తీసి దారానికి కట్టి వదిలింది. చాలాసేపు దిగింది. బురద. పడవను కొంచెం జరిపి మళ్లీ వదిలింది. మళ్లీ బురద. ఎన్నిసార్లు వేసిందో తెలియదు, చివరికి గట్టిదేదో తగిలి ఆమె మణికట్టు ఆగింది. పక్కకు వేసి చూసింది. మరోసారి చూసింది.

“రోడ్డు దొరికింది. లోతు తగ్గేదిక్కు రోడ్డు పట్టుకుని పోదాం. నేను తెడ్డేస్తా, మీరు నీళ్లు తోడుండ్రి. బిడ్డా, కర్ర నువ్వు పట్టు.”

అలా ముగ్గురం మూడు పనుల్లో పడ్డాం. చిన్నమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఈ పక్కా ఆ పక్కా మార్చి తెడ్డు వేసింది. నాన్న కాఫీ ఫ్లాస్కు మూతతో నీళ్లు తోడాడు. నేను సీసం దించి, తగిలింది చెప్పాను. రాయి. రాయి. మెత్తగా. చిన్నమ్మ పడవను వెనక్కి తిప్పేది. రాయి. నా లెక్క కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది.

అంతలో నా వేళ్లు మొద్దుబారాయి. సీసం అడుగుకు చేరింది, దారం వదులైంది, కానీ ఏం తగిలిందో చేతికి అందలేదు. ఇద్దరూ నా వైపు చూస్తున్నారు.

“రాయేనా?” అన్నాడు నాన్న.

ఆ గొంతులో ఆయనకు కావలసిన జవాబు ఉంది. ఇచ్చేస్తే ఆయన భయం తీరిపోతుందనిపించింది. నోరు తెరిస్తే మాత్రం ఇంకో మాట వచ్చింది.

“వైస్ నిష్ట్.”

నాన్న కసురుతాడని తల దించుకున్నాను.

“మంచిది,” అంది చిన్నమ్మ, తెడ్డు ఆపి. “తెల్వకుంటే తెల్వదనే చెప్పాలె. ఊకనే రాయి అన్నవనుకో, నేను అట్లనే పోత. అప్పుడు మనం ఎక్కడున్నమో ఎవ్వలకు తెల్వది. చేతులు వెచ్చగ చేసుకో, మళ్ల ఏద్దాం. అందాంక పడవను కదలనియ్య.”

నాన్న ఫ్లాస్కు మూత కింద పెట్టాడు. నా చేతులు రెండూ తీసుకుని తన కోటు విప్పి చంకల్లో పెట్టుకున్నాడు. ఆయన గుండె గబగబా కొట్టుకుంటోంది. వేళ్లలో సూదులు గుచ్చినట్టయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు.

మళ్లీ వేశాను. మెత్తగా ఉంది. నేను రాయి అని ఉంటే మేము రోడ్డును వదిలేసేవాళ్లం. చిన్నమ్మ పడవను పక్కకు తిప్పింది. టిక్కుమంది. అక్కడి నుంచి వదల్లేదు. చివరికి తెడ్డే అడుగుకు తగిలింది. నీళ్ల కింద బూడిదరంగు తారు, దాని మీద నాచు, అటూ ఇటూ రెల్లు కనిపించాయి. నాన్న మోకాలి లోతు నీళ్లలోకి దిగి నన్ను ఎత్తుకుని నడిచాడు. ఒడ్డెక్కాక కూడా దించలేదు.

కారులో హీటరు పెట్టుకుని, నాన్న స్వెట్టరులో దూరి కూర్చున్నాను. చిన్నమ్మ ఫోను తీసి చూసింది. “ఉద్యోగం రాలేదు బావా,” అంది నెమ్మదిగా. ఎప్పటిలాగే ఇక హితబోధ మొదలవుతుందనుకున్నాను. నాన్న బండి స్టార్ట్ చేసి, “ముందుగాల వేడిగ ఏమన్న తాగుదాం,” అన్నాడు. ఆమెకు ఉద్యోగం మరుసటి ఎండాకాలంలో, స్టుట్‌గార్ట్‌లో వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా బడిలో టీచరుతో టెర్మిన్, అంటే ముందే కుదుర్చుకున్న భేటీ, ఉంటే నాన్నతో వెళ్లాను. అంతకుముందు టీచరు ఏం చెప్పినా నాన్న తలూపి వచ్చేసేవాడు. ఆ రోజు కొంతసేపు విని, చేయి కొద్దిగా ఎత్తి, తడబడే జర్మన్‌లో, నాకు అర్థం కాలేదు, ఇంకోసారి మెల్లగా చెబుతారా అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. టీచరు కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. రాతలో వెనకబడ్డ పిల్లల కోసం సాయంత్రం ఒక తరగతి ఉందని, దానికి నన్ను పంపమని ఏడాదిగా చెబుతూనే ఉందట. నేను ఆ తరగతికి వెళ్లాను. ఈ రోజు ఏమైనా రాయగలుగుతున్నానంటే అందులో దాని వంతు ఉంది.

నాన్న పోయి చాలా కాలమైంది. నా తల కూడా నెరిసింది. ఇప్పటికీ ఎవరైనా ఆత్రంగా ఒక సంగతి అడిగి నా నోటి వైపు చూస్తుంటే, వాళ్లు వినాలనుకుంటున్న మాటే ముందు నాలుక మీదికి వస్తుంది. ఒక్క క్షణం ఆగుతాను. నాకు నిజంగా తెలిసిందెంతో చూసుకుంటాను. ఏమీ లేకపోతే తెలియదంటాను. అలా అన్న ప్రతిసారీ, చుట్టూ ఎవరున్నా, నా వేళ్లకు మా నాన్న ఒంటి వెచ్చదనం తగులుతుంది.