మాంసం ముట్టని మా కాలనీ

చదువుకున్నవాళ్ళు చదువుకున్నట్టు మాట్లాడకపోతే ఆ చదువెందుకని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డెబ్భైల చివర్లో మా నాన్న టాటానగర్‌లో షంటింగ్ డ్రైవరు. ఆ రైల్వే కాలనీలో హోమ్ సైన్స్ డిగ్రీ తెచ్చుకున్న మొదటి తెలుగమ్మాయిని నేనేనని మా అమ్మ కుళాయి దగ్గర అందరికీ చెప్పేది. (రెండు వీధుల అవతల ఇంకో అమ్మాయి నాకంటే మంచి మార్కులతో పాసయిందన్న సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.) డిగ్రీ చేతికొచ్చాక నేను మంచినీళ్ళని 'జలం' అని, చెప్పుల్ని 'పాదరక్షలు' అని అనడం మొదలుపెట్టాను. మా అమ్మ ముచ్చటపడేది. మా తమ్ముడు మాత్రం, "దీదీ రేడియో బన్ గయీ" అని, అక్క రేడియో అయిపోయిందని పక్కగదిలోకి పోయి నవ్వేవాడు.

అలాంటి సమయంలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ఊళ్ళో ఒక ఆసుపత్రిలో పనిచేసే డాక్టరుగారు ఒక పరిశోధన తలపెట్టారు. మాంసం తినేవాళ్ళ గుండె, రక్తపోటు ఎలా ఉన్నాయి, తిననివాళ్ళవి ఎలా ఉన్నాయి అని పోల్చి చూడటం ఆయన పని. ఆయనది ఉత్తరాదిన ఏదో చిన్న ఊరు. తాతల కాలం నుంచీ ఇంట్లో ఉల్లిపాయ కూడా కొయ్యరట. మాంసం వల్లే మనిషికి సగం రోగాలు వస్తాయని ఆయన మనసులో ఉంది గానీ, రుజువు కాకుండా పైకి అనకూడదన్న నియమం కూడా ఉంది. మంచి మనిషి. తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడగడానికి తెలుగూ హిందీ రెండూ వచ్చిన అమ్మాయి కావాలంటే, నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, "హమారీ బేటీ కితాబ్ జైసా బోల్తీ హై సాబ్" అన్నారు. పుస్తకంలా మాట్లాడుతుందన్నది మెప్పుగానే అన్నారు. కొంప ముంచింది అదే.

మర్నాటి నుంచి గొడుగు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, గొంతు సవరించుకుని అడిగేదాన్ని: "మీరు మాంసం భుజిస్తారా?" ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "మాంసమేటమ్మా! ఎక్కడి మాంసం? మావు తినం." పక్కింట్లోనూ అదే మాట. ఆ పై వీధిలోనూ అదే. "కొడుకు పుట్టెంట్రుకలకి తిన్నాం, మళ్ళీ నేదు" అందొకావిడ. నేను సాయంత్రం వెళ్ళి, "మాంస్ నహీ ఖాతే సాబ్" అని చెప్పేదాన్ని. డాక్టరుగారి ముఖం రోజురోజుకీ వెలిగిపోయేది. కష్టజీవులు, రోజంతా ఒళ్ళు వంచేవాళ్ళు, మాంసం ముట్టనివాళ్ళు ఒక కాలనీ నిండా దొరకడం అదృష్టమన్నారు. తనే స్వయంగా వచ్చి అందరికీ రక్తపోటు చూశారు. చాలామందికి బాగానే ఉంది. అందరిలోకీ బరంపురం మామ్మది మరీ బాగుంది.

ఆవిడ మొగుడు ఒకప్పుడు బరంపురంలో గేంగ్‌మన్‌గా చేసి ఇటు బదిలీ అయ్యాడు కాబట్టి ఆ పేరు. డెబ్భై దాటిన మనిషి, బిందెడు నీళ్ళు చంకనెత్తుకుని మెట్లెక్కేది. డాక్టరుగారు ఆవిడ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టి చూశారు. "ఇస్ ఉమర్ మే!" అని, ఈ వయసులో ఇంత బాగుందా అని ఆశ్చర్యపోయారు. వచ్చే గురువారం పెద్ద డాక్టర్ల సభలో ఆయన మాట్లాడాలి. మొదట ఈ మామ్మ గురించే చెబుతానన్నారు. ఆ మాట నేను తెలుగులో చెబితే మామ్మ పొంగిపోయి, "అయితే ఆదోరం బాబుని మా ఇంటికి బువ్వకి రమ్మను. ఏటి తింతాడో అడుగు" అంది. నేను ఠీవిగా, "వారు మాంసం భుజించరు" అన్నాను. "అదేటి పెద్ద ఇసయం, నానూ తినను కదా" అంది మామ్మ.

ఆదివారం మధ్యాహ్నం డాక్టరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి పీట మీద కూర్చున్నారు. విస్తట్లో పొగలు కక్కే అన్నం, పక్కన గోంగూర కూర. "వాహ్, సాగ్!" అని, ఉత్త ఆకుకూరే అనుకుని సంబరపడి ఆయన కలపడం మొదలుపెట్టారు. నేను లోపల గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నాను. మామ్మ నా చెవి దగ్గరకొచ్చి గర్వంగా, "మాంసం తినడన్నావు కదమ్మీ, అందుకే పెద్ద రొయ్యలు ఏరి ఏరి తెప్పించినాను" అంది.

గ్లాసు ఎక్కడ పడేశానో గుర్తులేదు. బయటికి పరిగెత్తేసరికి ముద్ద ఆయన నోటి దగ్గరుంది. ఆ క్షణంలో నా పుస్తకాల తెలుగూ రాలేదు, మర్యాద హిందీ కూడా రాలేదు. "సాబ్, మత్ ఖాయియే! ఝింగా హై! రొయ్యలు! ఝింగా!" అని అరిచాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. డాక్టరుగారు ముద్దని మెల్లగా విస్తట్లో దించి, వేలితో గోంగూరని కదిపి, అందులోంచి వంకర తిరిగి బయటపడ్డ ఎర్రటి రొయ్య వంక చూస్తూ ఉండిపోయారు.

"రొయ్యకి కూడా బయమేనేటి ఈ బాబుకి?" అని మామ్మ బిత్తరపోయింది. "పోనీ వంకాయ కూర ఎయ్యనా? అందులో ఎండురొయ్యలే, పచ్చివి కావు."

ఆయన లేచి చేతులు కడుక్కుని, తిరిగొచ్చి అదే పీట మీద కూర్చుని, ఈసారి ఒక్కొక్కటీ విడివిడిగా అడిగారు. నేను తెలుగు చేశాను. మామ్మ మనవల పేర్లు చెప్పినంత మురిపెంగా చెప్పింది. "సేపలా? మంచివి వత్తే ఒదుల్తామేటి! పీతలు మా కోడలికి ఇట్టం. ఎండుసేప నేకపోతే నాకు ముద్ద దిగదు బాబూ. కోడి ఆదోరం ఆదోరం. గుడ్డా? గుడ్డు కూడా ఒక లెక్కేటి!" మరి మాంసమో అని అడిగితే విసుక్కుంది. "ఎన్నిసార్లు సెప్పాల? అది నాను తినను. పొట్టేలు అరగదు."

అప్పుడు నాకు అర్థమైంది. మా ఇళ్ళల్లో మాంసమంటే వేటమాంసమే, మేకదో పొట్టేలుదో. కోడిది కోడి పేరు, చేపది చేప పేరు. వాటన్నిటినీ ఒక గంపలో వేసే మాట మాకు లేకపోలేదు. 'నీసు' అని రోజూ అనుకునే మాటే. నేను కూడా మొన్నటిదాకా అన్నదే. కానీ అది మోటుగా ఉంటుందని వదిలేసి పుస్తకం మాట పట్టుకున్నాను. నేను చెప్పింది ప్రతి అక్షరం నిజం. డాక్టరుగారికి తెలిసింది మాత్రం అంతా అబద్ధం.

ఆయన అన్నంలో పెరుగూ మామిడికాయ ఊరగాయా కలుపుకుని తిన్నారు. (మామ్మ ఊరగాయ జాడీ తెస్తుంటే, అందులో ఏముందో నేను రెండుసార్లు అడిగాను.) రిక్షాలో తిరిగి వెళ్తుంటే నా ఉద్యోగం పోయిందనే అనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాను. సాకచి బజారు దాటాక ఆయన హిందీలో నెమ్మదిగా, "మా ఇంట్లో ఇవన్నీ ఒకటే. లోకంలో అందరికీ ఒకటే అనుకున్నాను. నువ్వు నేను అడగమన్నదే అడిగావు" అన్నారు. ఆ పైన ఏం గుర్తొచ్చిందో, "ఝింగా హై!" అని నా అరుపుని అనుకరించి, రిక్షావాడు వెనక్కి తిరిగి చూసేంతగా నవ్వారు. గురువారం సభలో లేచి, తను ప్రశ్న అడిగించిన తీరే తప్పని, మళ్ళీ మొదలుపెడుతున్నానని రెండు ముక్కల్లో చెప్పి కూర్చున్నారట. పెద్దవాళ్ళు కొందరు ఎకసెక్కాలాడారని తర్వాత విన్నాను.

మళ్ళీ గొడుగు పట్టుకుని బయల్దేరాను. ఈసారి ప్రశ్న మారింది: "అత్తా, నిన్న ఏటి వండినారు?" అంతే, తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఒక్కో ఇంట్లోంచి లేచి రావడమే గగనమైపోయింది. ఏ చేపకి ఏ పులుపు, ఎవరి అత్త దేంట్లో మెంతులు వేస్తుంది, అన్నీ చెప్పి, ఆపైన రుచి చూసి వెళ్ళమనేవారు. ఆ ఏడాది నేను బాగా ఒళ్ళు చేశాను. మామ్మ ఆరోగ్యానికి కారణం ఏమిటో డాక్టరుగారు తేల్చలేకపోయారు. చేపలా, మోసిన బిందెలా అని బుర్ర గోక్కుంటుంటే, "నా కోడలి మాటలు నాను ఇననమ్మీ, అదీ సంగతి. రాసుకోమను" అంది ఆవిడ. పని పూర్తికాకముందే ఆయనకి వేరే ఊరు బదిలీ అయింది. వెళ్ళేరోజు స్టేషన్‌కి మామ్మ దోసకాయ పప్పు కేరియర్లో పెట్టుకుని వచ్చింది. "కొత్త గిన్నెలో వండినాను, నీసు తగల్నేదని సెప్పు. ఏటీ తినని బాబు, ఎలగ బతుకుతాడో" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, అది హిందీలో ఎలా చెప్పాలో తెలియక నేను ఊరికే నిలబడ్డాను. చెప్పనక్కర్లేకపోయింది. ఆయన వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టారు.

ఇప్పుడు పేపర్లో మాంసం మంచిదని ఒక వారం, చెడ్డదని ఇంకో వారం వస్తుంటుంది. మా వారు కళ్ళజోడు సర్దుకుని అవి పైకి చదివి, "ఇంతకీ ఏది నిజమంటావు?" అని అడుగుతారు, ఒకప్పుడు పరిశోధనలో పనిచేసిన మనిషిని కదా! నాకు తెలియదంటాను. నాకు ఆ అంకెలేవీ కనపడవు. ఎక్కడో ఒక కొత్త పిల్ల, డిగ్రీ తడి ఇంకా ఆరనిది, మండుటెండలో ఎవరి గుమ్మం ముందో నిలబడి, ఏ మాటతో మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకుంటూ కనిపిస్తుంది.