తట్టి చూసే ఫోల్కే

"ఇది నిలబడదమ్మాయ్."

"ఏ పేజీ?"

"పేజీ కాదు. మొత్తం."

"మీరింకా తెరిచి చూడలేదు కదా, బాంబో."

"తెరవక్కర్లేదు. తట్టాను."

నిజంగానే తట్టాడు. తియామికె ఏడాదిగా రాసిన తొంభై పేజీల సిద్ధాంత వ్యాసాన్ని వంటగది బల్ల మీద పెట్టుకుని, వేళ్ళ కణుపులతో టక్ టక్‌మని రెండు దెబ్బలు కొట్టి, మెడ పక్కకు వాల్చి విన్నాడు. చచ్చిన గొడ్డు గుండె ఇంకా కొట్టుకుంటోందేమోనని వినే పశువైద్యుడిలా ఉంది వాలకం.

ఫోల్కే దేన్నైనా తట్టి చూస్తాడు. అదీ అతని సంగతి. మంచుదేశపు ఉత్తర కొసన నలభై ఏళ్ళు పాడి చేసిన మనిషి. కొట్టంలో గుంజ పుచ్చిందో లేదో తట్టి కనుక్కోవడం చేతికి అలవాటైపోయింది. ఆవులు పోయాయి, కొట్టం పోయింది, అలవాటు మాత్రం అతని వెంట ఉప్సాల యూనివర్సిటీకి రైలెక్కి వచ్చింది. కుర్చీని తట్టి కూర్చుంటాడు. రొట్టెను తట్టి కోస్తాడు. గ్రంథాలయంలో పుస్తకాన్ని తట్టి, చదవకుండానే మళ్ళీ అరలో పెడతాడు. దేన్ని తట్టినా తీర్పు ఒకటే: "లోపల డొల్ల. నిలబడదు."

వాళ్ళుండే హాస్టల్లో అతని మంచం ముప్ఫై ఏళ్ళనాటిది. వచ్చిన రోజే తట్టి, నెల తిరక్కుండా కూలుతుందన్నాడు. నాలుగేళ్ళయింది. "ఇంకా కూలలేదేం?" అని అడిగితే, "ఆలోచిస్తోంది" అంటాడు. జార్జియా నుంచి వచ్చిన లెవాన్ పుట్టినరోజుకి కేకు తెస్తే దాన్నీ తట్టాడు. కేకును తట్టిన మనిషిని ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. "గుడ్లు తక్కువేశారు. నిలబడదు" అన్నాడు. పదిమంది కలిసి ఐదు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ చేశారు. "చెప్పానా?" అన్నాడు ఫోల్కే, వేళ్ళు నాకుతూ.

ఆ దేశంలో ప్రొఫెసరునైనా పేరు పెట్టే పిలుస్తారు. మలావీలో పుట్టి పెరిగిన తియామికెకు మాత్రం అరవై దాటిన మనిషిని పేరుతో పిలవడానికి నోరు రాలేదు. బాంబో అంది, వాళ్ళ భాషలో నాయనగారు. "ఆ పిలుపు కూడా ఎక్కువ కాలం నిలబడదు" అన్నాడు ఫోల్కే. రెండేళ్ళుగా నిలబడే ఉంది.

వ్యవసాయం, ఆహారం, పర్యావరణం, వీటి మీద ప్రభుత్వాలు చేసే చట్టాలు, ఇచ్చే రాయితీలు: ఆ చదువు కోసం అక్కడికి ముప్ఫై దేశాల వాళ్ళు వస్తారు. మొదటి రోజు తరగతిలో ఎందుకొచ్చారో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ఒకరు ఆకలి లేని లోకం కోసం వచ్చానన్నారు. ఒకరు నదులను కాపాడతానన్నారు. ఫోల్కే లేచి, ముందు బల్లను తట్టి, "నేను శవపరీక్ష కాగితం చదువుకోడానికి వచ్చాను" అన్నాడు. "మా పాడి ఎవరు చంపారో తెలుసుకుందామని. పగేం లేదు. ఊరికే, తెలిస్తే బావుంటుందని."

నవ్వినవాళ్ళు పాల ధరల పాఠం దాకా నవ్వారు. ఆ రోజు మాస్టారు తెర మీద గీత వేసి, అది ఫలానా ఏట జారుడుబల్లలా కిందికి దిగిందని చూపించి ముందుకు వెళ్ళబోతే, వెనక బెంచీలోంచి ఫోల్కే చెయ్యెత్తాడు.

"కాస్త ఆపండి. ఆ గీత కిందికి దిగుతున్న చోట."

"ఏమైనా సందేహమా?"

"సందేహం కాదు. అక్కడ నేనున్నాను."

ఫోల్కే లేచి వెళ్ళి, గీత దిగిన చోట గోడను తట్టి, "గోడ గట్టిదే" అని వచ్చి కూర్చున్నాడు. నాలుగేళ్ళలో అతను మెచ్చుకున్నది ఆ ఒక్కదాన్నే.

ఇక అక్కడి ఆచారం ఒకటుంది. ఎవరైనా వ్యాసం సమర్పిస్తే, తోటి విద్యార్థి ఒకరు అందరి ముందూ దాన్ని చీల్చి చెండాడాలి. ఆ మనిషిని ప్రత్యర్థి అంటారు. గంటసేపు సభ. ముందు ప్రత్యర్థి అడుగుతాడు, ఆయన అడిగింది పోగా మిగిలిన సమయంలో పరీక్షకురాలు అడుగుతుంది. పట్టా కావాలంటే ప్రతివాళ్ళూ ఒకసారి ప్రత్యర్థిగా కూర్చోవాలి. స్నేహితుడిని నిలబెట్టి అడిగేందుకు ఎవరికి మనసొప్పుతుంది? అందుకని చాలామంది తమ వంతు ఎలాగో గట్టెక్కించి, ఎవరికైనా మనిషి తక్కువైతే ఫోల్కే వైపు చూపించేవాళ్ళు. అతను అప్పటికి నాలుగుసార్లు కూర్చున్నాడు.

పరీక్షకురాలు గునిల్లా. మెత్తటి మనిషి, చీమకు కూడా దారిచ్చి నడుస్తుంది. కానీ చివర్లో కళ్ళజోడు తీసి, "నాకో చిన్న సందేహం" అన్నదంటే, ఆ వ్యాసం మళ్ళీ రాసుకుని చలికాలం ముందు రావలసిందే. అప్పటికి ఆరుగురు అలా వెళ్ళారు.

తియామికెకు చలికాలం దాకా ఆగే వీల్లేదు. ఆమె జిల్లా వ్యవసాయ కార్యాలయంలో పనిచేస్తూ చదువు సెలవు మీద వచ్చింది. జూన్ నెలాఖరుకి పట్టాతో చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు. అలాంటప్పుడు నోటీసు బోర్డు మీద ఆమె పేరు పక్కన ప్రత్యర్థి పేరు కనబడింది: ఫోల్కే ఎలోవ్సన్.

"అయిపోయావు" అన్నాడు లెవాన్, జబ్బ మీద చెయ్యేసి. "పైన గునిల్లా, కింద ఫోల్కే. రోకటికి రోలు కుదిరింది, మధ్యన నువ్వు."

"నువ్వు మార్చుకోరాదూ? నాకు ప్రత్యర్థిగా నువ్వుండు."

"ఉండేవాణ్ణే. పావుగంట పొగిడి కూర్చునేవాణ్ణి. పేర్లు అచ్చయిపోయాయి తల్లీ."

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకే వంటగదిలో దీపం వెలిగింది. పాలు పితికే వేళకు లేవడం ఫోల్కేకి పోలేదు. పితకడానికేమీ లేదు గనక ఆ వేళకు కాఫీ మరగబెడతాడు. తియామికె తలుపు తట్టాడు.

"ఈ తలుపు కూడా నిలబడదు" అన్నాడు ఆమె తెరవగానే. "రా. వ్యాసం తెచ్చుకో."

"పాలు పొయ్యనా, బాంబో?"

"పాలతో నాకు మాటల్లేవు."

ఆ నల్లటి కాఫీ ముందు మూడు వారాలు విచారణ జరిగింది. ఆమె వ్యాసం చిన్న రైతులకు ప్రభుత్వమిచ్చే ఎరువుల కూపన్ల గురించి. రెండువందల పన్నెండు మంది ఆడవాళ్ళను ఇళ్ళకు వెళ్ళి అడిగింది. ఎనభై ఒక్కరు కూపన్ అందిందన్నారు, మిగతా నూట ముప్ఫై ఒక్కరు అందలేదన్నారు. కూపన్లు మధ్యలో ఎక్కడో మాయమవుతున్నాయని తేల్చింది.

"నిలబడి అడిగావా, కూర్చుని అడిగావా?"

"కూర్చునే."

"అది నయం. నిలబడితే పంపించెయ్యడానికే చూస్తారు. ఏ నెల?"

"ఫిబ్రవరి."

"పంట ఎప్పుడు?"

"ఏప్రిల్."

ఫోల్కే కప్పు కింద పెట్టాడు. "అంటే గాదెలు ఖాళీ అయిన నెల. అలాంటప్పుడు కాగితాలు పట్టుకుని ఒక చదువుకున్నమ్మాయి గుమ్మంలోకి వచ్చి, నీకు సాయం అందిందా అని అడిగితే, ఏం చెబుతారు? అందిందంటే ఇంకోసారి పేరుండదు. నేనైతే అందలేదనే చెబుతాను."

"వాళ్ళు అబద్ధాలాడారంటారా?"

"నాకు ముప్ఫై నాలుగు ఆవులుండేవి. పేడ ఎక్కువైతే జరిమానా వేసేవాడికి ఇరవై రెండు చెప్పేవాణ్ణి. సాయం ఇవ్వడానికొచ్చినవాడికి నలభై. వచ్చినవాడి మొహం చూసి ఆవులు ఈనేవి. అది అబద్ధం కాదమ్మాయ్, కాపురం." టక్ టక్. "నాలుగో అధ్యాయం. డొల్ల."

తియామికె కాగితాలు అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రెండు రోజులు బయటికి రాలేదు. లెవాన్ గుమ్మంలో నిలబడి, "ముసలాడికి నీమీద ఏం కక్షో" అని సముదాయించబోయాడు. ఆమెకు కక్ష బాధ లేదు. ఫోల్కే అన్నది నిజమన్నదే బాధ. ఇంకొక్కసారి వెళ్ళి అడగడానికి మలావీ పక్కవీధి కాదు. సభకి పద్దెనిమిది రోజులుంది.

మూడోరోజు నాలుగున్నరకి మళ్ళీ తలుపు చప్పుడు. ఓదార్చడానికేమోననుకుంది. కాదు.

"కూర్చుని అడిగానన్నావు. ఎక్కడ కూర్చున్నావు?"

"ఎక్కడైతేనేం?"

"అడుగుతున్నాను."

"వాళ్ళు ఎక్కడ వేస్తే అక్కడ. పీట మీద. చాప మీద. మంచి చాప లేని ఇంట్లో సంచి పరుస్తారు."

"ఏ సంచి?"

తియామికె మంచం కింది పెట్టె వైపు తిరిగింది. ఎవరింటికి వెళ్ళినా ఎవరెలా కూర్చోబెట్టారో గుర్తుపెట్టుకోవాలని, వాళ్ళు మనింటికొస్తే అంతకు తక్కువ చెయ్యకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడు నేర్పింది. ఆ అలవాటుకొద్దీ ప్రతి ప్రశ్నపత్రం మార్జిన్‌లోనూ పెన్సిలుతో గిలికి పెట్టుకుంది: పీట, చాప, సంచి. సంచి అయితే దానిమీద ఉన్న ముద్ర, సంవత్సరం. కూపన్‌కి ఇచ్చే ప్రభుత్వ ఎరువుల సంచులకు ఆ ఏటి ముద్ర ఉంటుంది.

పెట్టె అడుగునుంచి కాగితాలు లాగి ఇద్దరూ వంటగది నేల మీద పరిచారు. మధ్యాహ్నానికి తేలింది. కూపన్ అందలేదని చెప్పిన నూట ముప్ఫై ఒక్క ఇళ్ళలో డెబ్బై నాలుగు ఇళ్ళవాళ్ళు ఆమెను ఆ ఏటి సంచి మీద కూర్చోబెట్టి మరీ అందలేదన్నారు.

తియామికెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఫోల్కే మాత్రం నవ్వలేదు. "అంటే మిగతా యాభై ఏడు మందికి నిజంగానే రాలేదేమో" అన్నాడు దిగులుగా. "చూశావా? బాగుపడ్డ కొద్దీ ఎలా పాడవుతోందో. రాయి."

రాసింది. నాలుగో అధ్యాయం చెరిపేసి, ఆ ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ ఊరూ బయటపడకుండా, మొదటినుంచీ రాసింది. రాసిన ప్రతి పేజీనీ అతను తట్టి, నిలబడదన్నాడు. ఎందుకో చెప్పండి అని ఆమె పోట్లాడింది. చెప్పాడు. మళ్ళీ రాసింది. చివరి వారం హాస్టల్లో అందరికీ అలారం మోతకు బదులు వాళ్ళిద్దరి కేకలే వినిపించేవి.

సభ రోజున ఫోల్కే పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకొచ్చాడు. బల్ల తట్టి కూర్చున్నాడు.

"ఈ వ్యాసం నిలబడదని నా అభిప్రాయం" అని మొదలుపెట్టాడు. లెవాన్ కళ్ళు మూసుకున్నాడు. "మొదటి ప్రశ్న. నిలబడి అడిగారా, కూర్చుని అడిగారా?"

తియామికె చెప్పింది. రెండో ప్రశ్న: ఏ నెల? చెప్పింది. మూడోది, నాలుగోది, పదో ప్రశ్న. అన్నీ వంటగదివే, అదే వరస, అవే మాటలు. ఎక్కడ తడబడుతుందో అతనికి తెలుసు. అక్కడికొచ్చేసరికి ప్రశ్నని నిదానంగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు సాగదీసి అడిగాడు. ఈలోగా ఆమెకు జవాబు గుర్తొచ్చేది. గోడ గడియారం ముల్లు నడుస్తోంది. గునిల్లా రెండుసార్లు దగ్గింది. "అయిపోవచ్చింది, ఇంకొక్కటి" అని ఫోల్కే ఇంకో నాలుగు అడిగాడు.

ఐదు నిమిషాలుందనగా ఆఖరిది అడిగాడు. "ఇదంతా తెలిసి ఏం లాభం? రేపు ఎవరు ఏం మార్చాలి?"

ఇది వంటగదిలో లేదు. తియామికె చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"అడిగే రోజు మార్చాలి" అంది. "వచ్చే ఏటి కూపన్లు చేతికిచ్చేశాక, ఆ మర్నాడు వెళ్ళి పోయినేటి సంగతి అడగాలి. అప్పుడు దాచుకోవలసిన అవసరం వాళ్ళకుండదు. దీనికి కొత్త పథకం అక్కర్లేదు. మా జిల్లాలో ఆ తేదీ వేసేది నా కుర్చీలో కూర్చున్నవాళ్ళే."

గునిల్లా కళ్ళజోడు తీసింది. "నాకో చిన్న..." అని ఆగి, ఫోల్కే వైపు చూసి, జోడు తిరిగి పెట్టుకుంది. "అది ఆయన అడిగేశాడు. ఉత్తీర్ణురాలివమ్మా."

బయట గడ్డి మీద కాఫీ తాగుతుండగా లెవాన్ వేళ్ళు మడిచి ఏదో లెక్కవేసి, ఉన్నట్టుండి తలపట్టుకున్నాడు. గునిల్లా వెనక్కి పంపిన ఆరుగురికీ ప్రత్యర్థులు మంచివాళ్ళు. పావుగంట పొగిడి కూర్చున్నారు. మిగిలిన ముప్పావుగంట గునిల్లాది. ఫోల్కే చేతిలో పడినవాళ్ళు, తియామికెతో కలిపి ఐదుగురు. ఐదుగురూ మొదటిసారే గట్టెక్కారు.

"నీ పేరు పక్కన తన పేరు రాయమని తనే వెళ్ళి అడిగాడట. ఇప్పుడే ఆఫీసులో చెప్పారు" అన్నాడు లెవాన్. "నేను నీకు ప్రత్యర్థిగా కూర్చునుంటేనా, చంపేసేవాణ్ణే."

తియామికె కప్పు వదిలేసి వెతుక్కుంటూ వెళ్ళింది. ఫోల్కే సైకిలు తాళం తీస్తున్నాడు. చంకలో అప్పుడే ఇంకో కాగితాల కట్ట ఉంది.

"బాంబో, మీరు..."

"మీ ఆఫీసువాళ్ళు చదవరు" అన్నాడు, ఆమెను మాట్లాడనివ్వకుండా. "చదివినా తేదీ మార్చరు. మార్చినా వానలు ఆగవు. అందుకని ఎక్కువ సంతోషపడకు."

"పడను."

"ప్రయాణం ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం."

"అయితే టైముంది." చంకలో కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. "కిర్గిజ్‌స్తాన్ అమ్మాయి, ఐజాన్. మూడో అంతస్తు. పచ్చిక బీళ్ళ మీద రాసింది. శుక్రవారం సభ. నేను తలుపు తడితే లోపల గడియ వేసుకుంటోంది. ముందు నువ్వెళ్ళు. రెండో అధ్యాయం దగ్గర మొదలుపెట్టి అడుగు, వదలకు. ఏడిస్తే ఏడవనీ, రేపొద్దున నేనొస్తాను."

సైకిలెక్కి, ఒక కాలు నేల మీదే ఉంచి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగాడు.

"ఐజాన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు తినడానికేమైనా పట్టుకెళ్ళు. ఆ సంగతి నాకెప్పుడూ గుర్తుండదు."