ముత్తక్క ఇంట్లో నా కుర్చీలు

మా ఇంట్లో నాలుగు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. కొన్నది మేమే అయినా, వాటి మీద చుట్టాలను కూర్చోబెట్టింది మాత్రం ఎక్కువగా ఎదురింటి ముత్తక్కే. ఆమె ఇంటికి ఎవరు వచ్చినా సరే, ముందు నా వాకిట్లో ఆమె తల కనబడుతుంది. "ఆంజినక్కా, కుర్చీలిస్తావా, మళ్ళీ తెచ్చి పెడతా" అంటుంది. చుట్టాలు పోగానే తడిగుడ్డతో తుడిచి మరీ తెచ్చి పెడుతుంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా కుర్చీలు నా ఇంట్లో ఏనాడూ అంత శుభ్రంగా లేవు మరి!

ముత్తక్క మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. అతనూ అతని అన్నా పొలం పంచుకోలేదు. మా తిరుమణి చుట్టూ సోలారు పార్కు వచ్చినప్పుడు ఆ పొలాన్ని కూడా కంపెనీకి లీజుకిచ్చారు. కాగితాలు మొగుడి అన్న పెద్దతిమ్మప్ప పేరున జరిగాయి. ఏటా వచ్చే డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుంది.

"మా బావ దేవుడక్కా. దుడ్డు పడిన దినమే నా పాలు నా చేతికి తెచ్చిస్తాడు" అని ముత్తక్క పండగ పండగకీ ఊరంతా చెప్పేది. అంత డబ్బొచ్చే మనిషి తెల్లారేసరికి బూట్లు తొడుక్కుని, పసుపు కోటు వేసుకుని సోలారు పలకలు కడిగే కూలికి ఎందుకు పోతుందని ఎవరైనా అడిగితే, "ఇంట్లో ఊరికే కూచుంటే ఒళ్ళు బరువైతాది" అని నవ్వేది. ఆమె కడిగే వరసల్లో కొన్ని, ఒకప్పుడు ఆమె మొగుడు చెనక్కాయ వేసిన చేలోనే ఉన్నాయి. బావ ఆమెకు పైసా ఇవ్వడని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆమెకూ తెలుసు. అయినా నా ముందు కూడా ఆ మాట ఒప్పుకునేది కాదు. ఏ వేళకొచ్చినా "తింటావా" అని అడిగితే, "ఇప్పుడే తిన్యానక్కా" అనేది. పెదాలు చూస్తే ఎండిపోయి ఉండేవి. ఇన్నేళ్ళలో నా చేతి ముద్ద ఒక్కటి తినలేదు మహాతల్లి.

ఈ పరువంతా వచ్చి ఆమె కూతురు మేఘ మెడకు చుట్టుకుంది. మేఘ తుమకూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పేద పిల్లలకు సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్పు మీదే ఆ చదువు నడుస్తోంది. ఈ ఏడు ఆదాయ సర్టిఫికెట్ కొత్తది కావాలన్నారు. అర్జీ పెడితే, భూమి సోలారుకిచ్చిన కుటుంబం కదా అని ఆపేశారు. మా ఊరి రెవెన్యూ పనులు చూసే భరత్‌కుమార్ అనే అబ్బాయి ఇంటికే వచ్చి, నలుగురి ముందు విచారించి రాసుకుపోతాడని కబురొచ్చింది. గడువు ఆ వారంతో సరి. ఇది పోతే చదువు మానడమే. పలకలు కడిగించే కాంట్రాక్టరు మేఘ కొలతకు కూడా ఒక పసుపు కోటు ఇచ్చి పంపాడు. అది వాళ్ళింట్లో కొక్కేనికి వేలాడుతోంది.

ఆ రోజు పొద్దున ముత్తక్క మా వాకిట్లోకి వచ్చింది.

"ఆంజినక్కా, కుర్చీలు. ఫ్యాను గూడా ఇస్తావా?"

నాకు తిక్క రేగింది. "ఏమే, బుద్ధుండాదా నీకు? లేనిదాన్నని రాయించుకునే దినం నా కుర్చీలు ఎందుకే? నా ఫ్యాను ఎందుకే?"

"ఆఫీసరు వస్తాండాడు కదక్కా. నేలమీద కూచోబెట్టేదానికి అయితాదా?"

తిట్టుకుంటూనే కుర్చీలు బయటపెట్టాను. మేఘ వచ్చి ఫ్యాను ఎత్తుకుంది. ఆ పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "అమ్మకు నువ్వన్నా చెప్పు పెద్దమ్మా" అంది పోతూ పోతూ.

భరత్‌కుమార్ బండి ఆగేసరికి ఇంటి ముందు ఊరు సగం చేరింది. పెద్దతిమ్మప్ప ముందే వచ్చి నా కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. సాక్షిగా పిలిచిన కాటప్ప ఆయన పక్కనే. నా ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆఫీసరబ్బాయి కుర్చీలు చూశాడు, ఫ్యాను చూశాడు. ఉన్నోళ్ళ ఇల్లనుకుంటాడే అనుకున్నాను.

"మీ భూమి లీజులో ఉండాది కదమ్మా. ఆ దుడ్డులో మీకు పాలొస్తాదా?" అని అడిగాడు.

పెద్దతిమ్మప్పే అందుకున్నాడు. "మా మరదలికేం తక్కువప్పా. ఏటా నా చేతులారా ఇస్తాండా. కావాలంటే ఊరినే అడుగు."

"ఔను సార్, ఆయమ్మే చెప్తాది పండగ పండక్కీ" అన్నాడు కాటప్ప. అతను అబద్ధమాడలేదు. ఆమె మాటే ఆమెకు అప్పగించాడు.

"నిజమేనా అమ్మా?"

ముత్తక్క తల వంచుకుని నేల చూస్తోంది. చెప్పవే, చెప్పు అని లోపల్లోపల తిడుతున్నాను నేను. నేను చెప్తే చాడీ అవుతుంది, ఆమే చెప్పాలి. ఆఫీసరు పెన్ను తీసి, వాటా వస్తోందనే రాయడం మొదలుపెట్టాడు. అతను కాగితం తిప్పి రెండో వైపుకు వచ్చాడు.

మేఘ లేచింది. లోపలికి పోయి కొక్కేనికి ఉన్న పసుపు కోటు తీసింది. ఒక చెయ్యి దూర్చి, రెండో చెయ్యి దూర్చబోతోంది.

"ఇయ్యల్యా సార్," అంది ముత్తక్క.

పెన్ను ఆగింది. పెద్దతిమ్మప్ప కాలు కిందికి దించాడు. "ఏంది ఇయ్యల్యా?"

"ఏందీ ఇయ్యల్యా బావా. ఒక్క ఏడాది గూడా ఇయ్యల్యా."

"మరి ఊరంతా చెప్పుకుంటివే?"

"అబద్ధాలు చెప్పినా. ఇంటి మర్యాద పోతాదని చెప్పినా. నీది గూడా నేనే కాపాడితి." ఆమె ఆఫీసరు వైపు తిరిగింది. "సార్, ఈ కుర్చీలు నావి కాదు. ఫ్యాను నాది కాదు. అన్నీ ఆంజినక్కవి. లే బావా."

పెద్దతిమ్మప్పకు అర్థం కాలేదు. "ఏంది?"

"లెయ్యి. కుర్చీ ఇచ్చేయాల."

ఊరందరి ముందు పెద్దతిమ్మప్ప లేచాడు. అంత మనిషి అలా లేవడం నేనెప్పుడూ చూడలేదు. "ఇంగ నా గడప తొక్కితే చూడు" అని చెప్పులేసుకుని పోయాడు. ముత్తక్క ఆ కుర్చీ ఎత్తుకుని వీధి దాటి మా అరుగు మీద పెట్టింది, తుడవకుండానే. మళ్ళీ వెళ్ళి ఇంకొకటి తెచ్చింది. ఆఫీసరబ్బాయి తనంతట తానే లేచి నిలబడ్డాడు. ఆమె ఒక గోనె పట్ట పరిచింది.

"కూచోండి సార్. మా ఇంట్లో ఉండేది ఇదే."

అతను కూర్చున్నాడు. రాసిన కాగితం కొట్టేసి కొత్తది తీశాడు. రాయడం అయ్యాక సాక్షి సంతకం అడిగితే, కాటప్ప పెద్దతిమ్మప్ప పోయిన దిక్కు చూసి తల గోక్కున్నాడు. నేను ముందుకొచ్చి పెన్ను లాక్కున్నాను. నా సంతకం కోడి గీకినట్టుంటుంది, ఉండనీ. నన్ను చూసి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఆఖరికి కాటప్ప కూడా చేశాడు.

గడువులోపే సర్టిఫికెట్ వచ్చింది. మేఘ తిరిగి తుమకూరు పోయింది. పెద్దతిమ్మప్ప ఇల్లు ముత్తక్కతో మాట్లాడడం మానేసింది. ఇవన్నీ తర్వాత జరిగినవి. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ సాయంత్రమే.

దీపాలు పెట్టే వేళకు ముత్తక్క ఫ్యాను తెచ్చి ఇచ్చింది. ఇచ్చి వెళ్ళలేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పొయ్యి మీద ఉలవచారు మరుగుతోంది. అలవాటు కొద్దీ అడిగాను, "తింటావేమే?"

జవాబు నాకు తెలిసిందే కదా అని అటు తిరిగి గరిట తిప్పుతున్నాను.

"పెట్టక్కా," అంది.

కంచంలో రాగి ముద్ద పెట్టి చారు పోశాను. కుర్చీ జరిపితే వద్దని నేలమీదే కూర్చుంది. వంచిన తల ఎత్తకుండా తింది. ఎంత ఆకలి మీద ఉందో ఆ తినడంలోనే తెలిసింది. ఇన్నేళ్ళూ నా ఎదురుగా ఉండి ఇంత ఆకలి దాచినందుకు నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. కనబడనివ్వకుండా రెండో ముద్ద తీశాను.

ముత్తక్క కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మేఘకు కట్టియ్యక్కా. పొద్దున్నుంచీ ఏం తినల్యా."