మామ కోసిపెట్టిన ఆఖరి జత

మా కింది ఇంటి మామ పోయిన నెల చనిపోయాడు. అప్పుడు నేను సెలవు మీద మదనపల్లెలో ఉన్నాను. నాన్న ఫోన్ చేసి "మామ లేడు పాపా" అన్నాడు. మామ పని నుంచి వచ్చి, గుండెలో మంటగా ఉందని మెట్ల మీద కూర్చున్నాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. రాయచోటిలో ఉన్న అత్త, కూతుళ్ళు ఫోన్లోనే ఒప్పుకున్నాక ఆయన్ని ఇక్కడే, సౌదీలోని ఖమీస్ ముషైత్‌లోనే ఖననం చేశారు. నేను తిరిగి వచ్చేసరికి అంతా ముగిసి వారం దాటింది.

ఇలాంటివి కాస్త కుదుటపడ్డాక రాయాలంటారు. నాకు అంత వ్యవధి లేదు. మామ గదిలో ఎవరికోసమో కొలిచి కోసిపెట్టిన చేతికర్రల జత ఒకటి ఉంది. అది ఎవరిదో మాకు తెలియదు. ఆ మనిషికి మామ పోయిన సంగతి తెలిసి ఉండకపోవచ్చు కూడా. నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. సామాన్లన్నీ మామకు పని ఇచ్చిన కఫీల్ మనుషులు వచ్చి తీసుకుపోతారు. ఈ పత్రిక అభా, నజ్రాన్‌లలో ఉన్న మనవాళ్ళకూ చేరుతుందని రాస్తున్నాను.

మామ అల్యూమినియం కిటికీలు బిగించేవాడు. చదువు లేదు. మా నాన్నకూ లేదు. నాన్న ఇక్కడ నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. ఫిజియోథెరపీ చదివి మూడేళ్ళ కిందట ఇక్కడి క్లినిక్‌లో చేరాను. వచ్చిన మొదటి వారమే మామ మందుల చీటీ పట్టుకుని పైకి వచ్చాడు. నేను చదివి చెప్తుంటే వింటూ, "మన బిల్డింగులో చదివే మనిషి ఉండాది ఇంక" అని నాన్న వైపు చూసి నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయనకు వచ్చే ప్రతి కాగితమూ నా చేతి మీదుగానే పోయేది.

కర్రల కథ ఒక పాత సామాన్ల దుకాణంతో మొదలైంది. కొండల్లో నడిచేవాళ్ళకు అమ్ముదామని ఎవరో కర్రలు తెప్పిస్తే, వాటి బదులు స్కీ పోల్స్ వచ్చాయట. మంచు మీద జారే ఆటలో చేతుల్లో పట్టుకునేవి. ఖమీస్‌లో వాటితో ఎవరికి పని? పైగా ఆరడుగుల మనుషుల కోసం చేసినవి. మన మనిషి పట్టుకుంటే పిడి గడ్డం దగ్గరికి వస్తుంది. దుకాణం మూసేటప్పుడు కట్టలు కట్టి అమ్మేస్తుంటే మామ మొత్తం తెచ్చుకున్నాడు. గొట్టం తేలిక, వంగదు, కర్టెన్లు వేలాడదీయడానికి బాగుంటుందని ఆయన ఆలోచన.

అప్పటికే నాన్న మోకాళ్ళు అరిగాయి. ఇది కొండల మీది ఊరు, ఎటు నడిచినా ఎక్కుడో దిగుడో. ట్యాంకరు కింద నిలిపి, పైపు లాక్కుంటూ పైకి ఎక్కాలి. ఒకరోజు నాన్న గోడ పట్టుకుని మెట్లు దిగడం మామ చూశాడు. సాయంత్రానికి రెండు పోల్స్ పట్టుకుని పైకి వచ్చి, "కర్టెన్లు లేకున్నా కిటికీ తెరిసి పెట్టుకోని బతుకుతారు. అన్నకు కాళ్ళు లేకపోతే నీళ్ళెవరు పోస్తారు?" అన్నాడు.

కొలత దగ్గర ఇద్దరం వాదించుకున్నాం. చేతికర్ర పిడి మణికట్టు ఎత్తులో ఉండాలని నేను పుస్తకంలో చదివింది చెప్పాను. మామ ఒప్పుకోలేదు. "ఆసుపత్రిలో నేల సమంగా ఉంటాది పాపా. కొండకు ఆ సంగతి తెల్దు" అన్నాడు. చాయ్ గ్లాసు పట్టుకున్నట్టు మోచేయి వంచి నిలబడమని నాన్నకు చెప్పాడు. అట్లా నిలబడ్డ చేతి ఎత్తే సరైన ఎత్తు అన్నాడు. రెండు రోజులు చదివి చూశాక ఏటవాలులో ఆయన మాటే సరైనదని తెలిసింది. సరే, టేపు నేను పట్టుకున్నాను. మిల్లీమీటర్లతో సహా కాగితం మీద రాశాను.

కోయడం మామ పద్ధతి ప్రకారమే. కింద ఇనుప మొన ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. పై నుంచే కోయాలి. కెటిల్‌లో కాగిన నీళ్ళు పిడి మీద పోసి, అది మెత్తబడ్డాక గుడ్డతో పట్టి మెలిపెడితే ఊడి వస్తుంది. గుర్తు పెట్టిన చోట రంపపు బ్లేడుతో కోసి, అంచు ఆకురాయితో నున్నగా రాస్తాడు. గొట్టం కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి పిడి వదులవుతుంది. దానికి అంటించే టేపు రెండు మూడు చుట్లు చుట్టి పిడి దిగ్గొడతాడు. మొనకు స్టూలు కాళ్ళకు వేసే రబ్బరు బుడిపె తొడుగుతాడు. ఇదంతా మా వంటగది గట్టు మీదే. అమ్మ కెటిల్ ఇమ్మని అడుగుతూనే ఉండేది, ఆయన "ఒక్క నిమిషం వదినా" అంటూనే ఉండేవాడు.

మర్నాడు నాన్న ఆ జతతో కొండ వాలు దిగుతూ ముందుకు తూలి పడ్డాడు. అరచేతులు గీసుకుపోయాయి. ఇంటికి వచ్చి, "కొండ దిగినంతసేపూ కిందపడిన రియాలు ఎతుక్కునేవాని మాదిరి వంగే ఉండా భాయ్" అన్నాడు. నేను నవ్వాను. మామ నవ్వలేదు. కర్రలు తీసుకుని మళ్ళీ కొలిచాడు. కాగితం మీద నేను రాసిన అంకె సరిగ్గానే ఉంది. ఎటు చూసినా తప్పు దొరకలేదు.

ఆయన గడప దగ్గరికి వెళ్ళి అక్కడ విడిచిన నాన్న బూట్లు చూశాడు. ట్యాంకరు పనికి వేసుకునే బూట్లు, అడుగు రెండు వేళ్ళ మందం. మనం ఇంట్లోకి చెప్పులతో రాము. నాన్నను ఒట్టి కాళ్ళతో కార్పెట్ మీద నిలబెట్టి కొలిచాం. ముగ్గురం అక్కడే ఉన్నాం. ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నదాన్ని, రోజంతా మనుషుల నడక చూసేదాన్ని, నాకూ తట్టలేదు.

మామ ఆ బూట్లు, దుమ్ముతోనే, రెండు చేతులతో లోపలికి తెచ్చి కార్పెట్ మీద పెట్టాడు.

"తొడుక్కో అన్నా."

"యాడ, దీని మీదనా?"

"ఈడే. నడిసేది బూట్లతో గదా, కొల్సేది గుడక బూట్లతోనే."

తప్పు నాది కూడా అని చెప్పబోతే, కోసింది తన చెయ్యి అని నన్ను ఆపేశాడు. కోసేసిన ముక్కలు ఇంకా గట్టు మీదే ఉన్నాయి. గొట్టం లోపల చెక్క మేకు దిగ్గొట్టి వాటిలోంచి రెండు వేళ్ళంత ముక్క మళ్ళీ అతికించాడు. అప్పటి నుంచి ఎవరికి కోసినా ఆ ముక్కలు పారేయలేదు. మనిషి బూట్లు మారుస్తాడు, నడుము వంగుతుంది, మళ్ళీ అవసరం పడొచ్చు అనేవాడు. ప్రతి ముక్కకూ తెల్ల ప్లాస్టర్ చుట్టి నా దగ్గరికి తెచ్చేవాడు. "పేరు రాయి పాపా. కొలతకు మొగం ఉండల్ల" అనేవాడు. నేను పేరు, ఊరు, ఏ చెయ్యో రాసేదాన్ని.

నాన్నను చూసి ఒకరు, ఆయన్ని చూసి ఇంకొకరు వచ్చారు. వాచ్‌మన్‌లు, వంటవాళ్ళు, మా క్లినిక్‌కు వచ్చే ముసలివాళ్ళు. చాలామంది గడప దగ్గర అలవాటుగా చెప్పులు విడిచేవాళ్ళు. మామ కేకేసి మళ్ళీ తొడిగించి లోపలికి పిలిచేవాడు. నమాజు చేసుకునే మూల ఒక్కటి వదిలి, కింద ఆయన గదంతా ఎవరెవరి బూట్ల దుమ్మో ఉండేది. తాను మాత్రం ఏ రోజూ చెప్పులతో లోపలికి రాలేదు.

కొత్తగా వచ్చిన మనిషిని వెంటనే కొలిచేవాడు కాదు. చాయ్ ఇచ్చి, ఊరి సంగతులు అడిగి, ఆ మనిషి బిగుసుకోవడం మానేదాకా ఆగేవాడు. "టేపు సూస్తే అందరూ సిపాయిల మాదిరి నిలబడతారు. అట్ల యెవరూ నడవరు" అనేవాడు. నేను క్లినిక్‌లో ఇప్పుడు అదే చేస్తున్నాను. ఎక్కడ నేర్చుకున్నావని డాక్టరు గారు అడిగితే కింది ఇంట్లో అని చెప్పాను.

ఆయన గదిలో ఆ ముక్కల డబ్బా తెరిస్తే నా అక్షరాలే ఉన్నాయి, ముక్కముక్క మీదా. ఒక్క జత ముక్కలకు మాత్రం ప్లాస్టర్ చుట్టి ఉంది, రాత లేదు. నేను ఊళ్ళో ఉన్నప్పుడు కోసినవి. నాన్న గుర్తు చేసుకుని చెప్పాడు. పేరు ఎవరితోనైనా రాయించమంటే మామ, "వచ్చే వారం పాప వస్తాది లే, ఆ యమ్మే రాస్తాది" అన్నాడట. ఎవరికి కోశావని నాన్న అడగలేదు. అడగాల్సిన పని ఉందని ఎవరికి మాత్రం తెలుసు?

అందుకే కర్రలనే చూసి చెప్తున్నాను. మామ కోసిన వాటిలో ఇవే అన్నిటికన్నా పొట్టివి. మనిషి ఐదడుగులకు అటూ ఇటూ ఉండాలి. కుడి కర్ర ఎడమదానికన్నా వేలెడు తక్కువ, అంటే కుడి భుజం కిందికి వాలి ఉంటుంది. కుడి పిడికి మెత్తటి గుడ్డ లావుగా చుట్టాడు. అంటే ఆ మనిషి కుడి పిడికిలి పూర్తిగా మూసుకోదు. మణికట్టుకు వేసుకునే పట్టీ చిన్నది చేసి కుట్టాడు, బహుశా ఆడమనిషి చెయ్యి కావచ్చు. ఒక్కసారి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి మామ ఇంత చూశాడు.

నిన్న చెప్పులు తొడుక్కుని ఆయన గదిలో నిలబడి వాటిని పట్టుకుని చూశాను. నాకు పొట్టి. నడుము వంచితే తప్ప కుదరలేదు, గుడ్డ చుట్టిన పిడి నా చేతిలో నిండుగా, పరాయిగా ఉంది. మళ్ళీ తలుపు పక్కన గోడకు ఆనించాను. ఒకటి కాస్త పొడుగ్గా, ఒకటి కాస్త పొట్టిగా, అవి ఒక మనిషి నిలబడ్డట్టే నిలబడి ఉన్నాయి. ఆ మనిషి ఎవరో మీకు తెలిస్తే, పేరూ ఊరూ పత్రికకు రాయండి. రాలేని స్థితి అయితే నాన్నా నేనూ తెచ్చి ఇస్తాం. దయచేసి ఈ నెల ఇరవయ్యో తేదీలోగా తెలియజేయండి.